గీతలను చదువు యంత్రము, అర్థమును చదువు మనుష్యుడు

గడచిన జూను నెలలో పాఠశాల తెఱచిన వారముననే మా తొమ్మిదవ తరగతి బాలు డొకడు నోటుపుస్తకములు కొనుటకై విజయనగరములోని యొక పెద్ద అంగడికి పోయెను. తల్లి ముందుగనే ధర కనుగొని, ఆఱు పుస్తకములకు సరిపడునట్లు 270 రూపాయలు లెక్కించి వాని చేతి కిచ్చియుండెను. బాలుడు పుస్తకములు తీసికొని బల్లకడకు రాగా, గుమాస్తా యొక్కొక్కదానిని ఎఱ్ఱని వెలుగుముందు పట్టి చూపెను, యంత్రము కీచుమనెను, చీటి వెలువడెను. పుస్తకము వెనుక 45 రూపాయలని అచ్చుపడియుండగా చీటిలో 52 రూపాయలని యుండెను. బాలు డా సంగతిని వినయముగానే విన్నవించెను. "బాబూ, మిషను చదివినది. మిషను తప్పు చదవదు. నీవు దానికంటె చదువుకొన్నవాడవా?" అని గుమాస్తా పలికెను. వెనుక వరుసలో నిలిచినవారు నవ్విరి. సొమ్ము చాలమి, వాడొక పుస్తకమును తిరిగి యిచ్చివేసి, అయిదింటితో ఇల్లు చేరెను. మిగిలిన సొమ్మేమైనదని ఇంట నడిగిరి. మఱునాడు వాడు మాకడకు వచ్చి, "మాస్టారూ, యంత్రము తప్పు చదువునా? లేక నేనే తప్పు చదివితినా?" అని ప్రశ్నించెను.

ఆ ప్రశ్నకు మా యుత్తర మిది: యంత్రము తప్పు చదువలేదు, బాలుడును తప్పు చదువలేదు. అయినను వానికి అన్యాయము జరిగినది. ఈ మూడును ఏకకాలమున నెట్లు నిజమగునో తెలియవలెనన్న, ఆ యంత్రము దేనిని చదువునో, దేనిని చదువజాలదో తెలిసికొనవలెను. నేడు సరకులపైనను, పుస్తకములపైనను, మందులపైనను, పరీక్షాపత్రములపైనను ఆ నల్లని గీతలు కనబడుచున్నవి. వానిని గూర్చి యేమియు నెఱుగక "యంత్రము చెప్పినది" అని తలయొగ్గుట చదువుకొన్నవారికి తగదని మా యభిప్రాయము. పాఠశాల చదువు నేర్పు స్థలము గదా. ఈ చదువును గూడ నేర్పవలెను.

ముందుగా నీ గుర్తు స్వభావమును చూతము. మన ప్రాంతమున బట్టలుతుకు రజకులు వెనుకటి దినములలో నల్లజీడి గింజ రసముతో బట్టమూల నొక చిన్నగుర్తు పెట్టుచుండిరి. రెండు చుక్కలు, ఒక గీత, ఒక కొక్కెము, ఇంతియే. ఆ గుర్తులో ఇంటివారి పేరు లేదు, వీథి లేదు, బట్ట వెల లేదు. గుర్తునకును ఇంటికిని గల సంబంధమంతయు ఆ రజకుని జ్ఞాపకమునందే యుండెడిది. గుర్తు చెక్కుచెదరకున్నను జ్ఞాపకము తప్పెనేని పంచె పొరుగింటికి పోవును. బార్ కోడనబడు గీతలగుర్తును ఇట్టిదే. అంగడిసరకుపై నుండు గీతలలో సామాన్యముగా నొక సంఖ్య మాత్రమే యుండును. సరకు పేరు గాని ధర గాని అందు లేదు. ఆ సంఖ్యకు ఎదురుగా పేరును ధరయు అంగడివాని గణకయంత్రములోని పట్టికలో వ్రాయబడియుండును. ఆ పట్టికను వ్రాయువాడు మనుష్యుడు. ఈ యొక్క మాటను చదువరులు మనసున నుంచుకొందురేని, మిగిలిన వ్యాసమంతయు దానికి వివరణమే.

ఈ గుర్తు పుట్టుక చిత్రమైనది. 1948వ సంవత్సరమున అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు డ్రెక్సెల్ విద్యాలయమున బెర్నార్డ్ సిల్వర్ అను యువకుడుండెను. ఆహారపదార్థములమ్ము అంగళ్ల యధిపతి యొకడు, సరకును తనంతట తానే గుర్తించు ఉపాయము కనిపెట్టుడని విద్యాలయపు టధికారిని వేడుకొనుచుండగా అతడు వినెను. ఆ మాటను తన స్నేహితుడగు నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్‌తో చెప్పెను. వుడ్‌లాండ్ బాల్యమున స్కౌటు దళములో మోర్సు తంతిసంకేతములను నేర్చినవాడు. ఒకనాడు మయామీ సముద్రతీరమున కూర్చుండి, మన పిల్లలు కళింగపట్నపు ఇసుకలో గీయునట్లు, వ్రేళ్లతో చుక్కలును గీతలును పెట్టి, వానిని క్రిందికి లాగెను. చుక్క సన్నని గీతయైనది, గీత లావుగీతయైనది. ఇదియే బార్ కోడునకు మూలము. స్నేహితులిరువురును 1949 అక్టోబరు 20వ తేదీన పేటెంటు కొఱకు దరఖాస్తు పెట్టిరి. 1952 అక్టోబరు 7వ తేదీన అది మంజూరయ్యెను. కాని ఆ గుర్తును చదువుటకు తగిన వెలుగు అప్పటికి లేదు. వారు వాడిన 500 వాట్ల దీపపు వేడికి కాగితమే మాడసాగెను. 1960వ సంవత్సరమున థియొడోర్ మైమన్ మొదటి లేసరును వెలిగించిన పిదపగాని సన్నని, తిన్నని, ప్రకాశవంతమగు కిరణము మనుష్యుల చేతికి రాలేదు. ఐబీఎం సంస్థలో జార్జ్ లారర్ సిద్ధపఱచిన గీతలపద్ధతిని 1973వ సంవత్సరమున అమెరికా వర్తకు లంగీకరించిరి. 1974 జూను 26వ తేదీన ఒహాయో రాష్ట్రములోని ట్రాయ్ అను ఊర నొక అంగడిలో, నమలెడి గమ్ము పొట్లము నొకదానిని లేసరు మొట్టమొదట చదివి వెల కట్టించెను.

ఇక లేసరు స్కానరు చదువు తెఱగును విందము. దాని లోపలనుండి వెలువడునది గీత కాదు, ఒక్క చుక్క. దీపావళినాడు పిల్లలు కొఱవిని గిరగిర త్రిప్పినప్పుడు నిప్పుచక్రము కనబడునట్లు, లోపలి చిన్నయద్దము వేగముగా నూగుటచేత ఆ చుక్క మన కంటికి ఎఱ్ఱని గీతవలె తోచును. చేతిలో పట్టుకొను స్కానర్లలో ఈ చుక్క సెకండునకు ఇంచుమించు నూఱుమారు లిటునటు పరుగిడును. అది తెల్లని కాగితముపై పడినప్పుడు వెలుగు మిక్కుటముగా చెదరి వెనుకకు వచ్చును. నల్లని గీతపై పడినప్పుడు వెలుగు మ్రింగుడుపడి స్వల్పముగా మాత్రమే వచ్చును. స్కానరులో నున్న ఫోటోడయోడు అను చిన్న సాధనము ఆ వచ్చిన వెలుగును విద్యుత్ప్రవాహముగా మార్చును. వెలుగు హెచ్చినచో ప్రవాహము హెచ్చును, తగ్గినచో తగ్గును. కావున యంత్రమునకు గీతల బొమ్మ కనబడదు. దానికి తెలియునది ఒక్కటే: ఇంతకాలము వెలుగు, అంతకాలము చీకటి, మరల నింతకాలము వెలుగు. గ్రుడ్డివాడు కఱ్ఱతో కిటికీచువ్వలను తట్టుకొనుచు పోయి, చువ్వ యేదో సందేదో తెలిసికొనునట్లు, లేసరు గీతలను తడవుకొనుచు పోవును.

ఇచట నొక సందేహము కలుగవచ్చును. స్కానరును దగ్గఱగా పట్టిన నొక కాలము, దూరముగా పట్టిన నింకొక కాలము పట్టును గదా. పెద్ద అచ్చు, చిన్న అచ్చు అను భేదముండును గదా. యంత్రము మోసపోదా యని. మోసపోదు. ఏలయన అది కాలమును గాక కాలముల నిష్పత్తిని చూచును. మన ఛందస్సులో లఘువున కొకమాత్ర, గురువునకు రెండు మాత్రలు. ఒకరు పద్యమును తొందరగా చదువుదురు, ఇంకొకరు రాగము తీయుదురు; అయినను ఎవరు చదివినను గురువు లఘువునకు రెట్టింపే. గణము మారదు. యంత్రమును అట్లే ప్రక్కప్రక్కన నున్న గీతల వెడల్పులను ఒకదానితో నొకటి పోల్చి గణవిభజన చేయును. తొమ్మిదవ తరగతిలో గణములు పట్టగల బాలునికి బార్ కోడు కొఱుకుడుపడని విద్య కాదు.

గీతలగుర్తులలో పలుజాతులు కలవు. కొన్నింటిలో సన్నము, లావు అను రెండే వెడల్పులుండును. ఇవి కేవలము లఘుగురువులు. కోడ్ 39 అను జాతిలో ఒక్కొక్క యక్షరమునకు గీతలును సందులును కలిపి తొమ్మిది భాగములు, అందు మూడు లావు. దీనియందు ఆంగ్లాక్షరములును అంకెలును వ్రాయవచ్చును గావున గ్రంథాలయములలోను కర్మాగారములలోను దీనిని వాడుచున్నారు. ఇంకొక జాతిలో మొదటి యంకెను నల్లని గీతలలోను, రెండవ యంకెను వాని నడుమ సందులలోను వ్రాయుదురు. పడుగును పేకయు కలిసి బట్టయైనట్లు రెండంకెలొక్కచోట నేయబడును. పలాస జీడిపప్పు వంటి సరకులు దూరదేశముల కెగయు గట్టి అట్టపెట్టెలపై 14 అంకెల సంఖ్యను అచ్చువేయుట కీ జాతినే వాడుదురు. అట్ట గరుకైనది, సిరా ప్రాకును; వెడల్పులు రెండే యైనచో సిరా కొంచెము ప్రాకినను సన్నము సన్నముగానే, లావు లావుగానే తెలియును. 1981వ సంవత్సరమున వచ్చిన కోడ్ 128 అను జాతిలో వెడల్పులు నాలుగు. తక్కువ చోటిలో అక్షరములును అంకెలును హెచ్చుగా పట్టును.

అంగడిసరకుపై మనము నిత్యము చూచునది 13 అంకెల గుర్తు. దీనిలోను వెడల్పులు నాలుగు. ఒక్కొక్క యంకెకు ఏడు సమభాగముల చోటు కలదు. ఆ యేడింటిని రెండు గీతలును రెండు సందులును పంచుకొనును. ఉదాహరణమునకు సున్నకు 3, 2, 1, 1 అను వెడల్పులు. ఇరువైపుల చివరలను నడుమను కొంచెము పొడవుగా దిగియున్న జంటగీతలు సరిహద్దుఱాళ్ల వంటివి. ఇచట మొదలు, ఇచట నడుమ, ఇచట తుద యని యంత్రమునకు తెలుపును. విద్యార్థులు గమనింపదగిన వింత యొకటి కలదు: పదుమూ డంకెలు క్రింద అచ్చుపడియున్నను, గీతలు పండ్రెండింటికే కలవు. మొదటి యంకెకు గీతలు లేవు. ఎడమసగములోని యా ఱంకెలను వ్రాయుటకు రెండు తీరులున్నవి. ఏ యంకెను ఏ తీరున వ్రాసిరో ఆ వరుసనుబట్టి యంత్రము మొదటి యంకెను ఊహించుకొనును. సరకును తలక్రిందుగా పట్టినను ఈ తీరుల భేదము చేతనే కుడి యెడమలను తెలిసికొని సరిగా చదువును.

యంత్రము చదువలేకపోవు సందర్భములు మఱింత బోధకరములు. తెల్లకాగితముపై ఎఱ్ఱసిరాతో గీతలు వేసినచో ఎఱ్ఱని లేసరునకు ఒక్క గీతయు కనబడదు. ఏలయన ఎఱుపు ఎఱ్ఱని వెలుగును తెలుపువలెనే వెనుకకు పంపును. మనకంటికి స్పష్టముగా నున్నది యంత్రమునకు శూన్యము! గుర్తునకు రెండుప్రక్కల తెల్లని ఖాళీచోటు ఉండవలెను. అందు సంతకమో మఱకయో పడినచో మొదలు తుద తెలియక యంత్రము మౌనము వహించును. గీతలు అడ్డముగా చినిగి సగ మూడిపోయినను మిగిలిన సగమును చదువగలదు గాని, నిలువుగా ఒక్క గీత చెఱిగినను చదువలేదు. లేసరు వెలుగునకు ఎదురుగా కన్నుపెట్టి చూడరాదని చిన్నపిల్లలకు ప్రత్యేకముగా చెప్పుచున్నాము.

చదరపు గుర్తు, అనగా క్యూఆర్ కోడు, వేఱు జాతి. దీనిని 1994వ సంవత్సరమున జపాను దేశములో డెన్సో సంస్థయందు మసహిరో హారా అను ఇంజనీరును ఆయన తోడివారును కల్పించిరి. ఇందు సంగతి అడ్డముగాను నిలువుగాను గూడ వ్రాయబడియుండును గావున, ఒక్క గీత వెంబడి పోవు లేసరునకు ఇది చిక్కదు. కెమెరాతో మొత్తము బొమ్మను పట్టవలెను. మూడు మూలల నున్న చదరములు దిక్కును తెలుపును. దీనికి గొప్ప యోర్పు కలదు; మిక్కిలి జాగ్రత్తగా వ్రాసిన గుర్తులో ఇంచుమించు నూటికి ముప్పది వంతులు చెడినను తక్కినదానినుండి యంత్రము పూరించుకొనగలదు. మన పాఠ్యపుస్తకములపైనను, 2025వ సంవత్సరమున మన రాష్ట్రమున పంచిన క్రొత్త రేషను కార్డులపైనను ఉన్నవి యీ గుర్తులే. 2023 ఆగస్టు 1వ తేదీనుండి 300 పేళ్ల మందులపై బార్ కోడు గాని క్యూఆర్ కోడు గాని యుండవలెనను నియమము గూడ వచ్చినది. అందువలన ఆ మందు ఎవరు చేసినదో, ఎప్పటివఱకు పనికివచ్చునో తెలిసికొనవచ్చును. ఇపు డంగళ్లలో గూడ లేసరునకు బదులు కెమెరాతో చదువు యంత్రములు హెచ్చుచున్నవి.

యంత్రము తనకు తాను పరీక్ష పెట్టుకొనునని చెప్పిన మా బాలు డాశ్చర్యపడెను. 13 అంకెలలో చివరిది సంఖ్యలో భాగము కాదు, కాపలాదారు. నల్లబల్లపై మేము వ్రాసిన యుదాహరణము నిచట నిచ్చుచున్నాము. 890123456789 అను పండ్రెండంకెలను తీసికొనుడు. ఎడమనుండి బేసిస్థానముల యంకెలను కూడగా 8, 0, 2, 4, 6, 8 కలిసి 28 వచ్చును. సరిస్థానముల యంకెలగు 9, 1, 3, 5, 7, 9 కూడగా 34. దానిని మూడింట గుణింపగా 102. రెండును కలిపిన 130. పదింట నిశ్శేషముగా భాగింపబడుటకు ఇంకెంత కలుపవలెను? ఏమియు నక్కఱలేదు. కావున పదుమూడవ యంకె సున్న. యంత్రము పొరపాటున 6ను 5గా చదివినచో మొత్తము 129 అగును. అపుడు చివర 1 ఉండవలెను, కాని సున్న యున్నది. వెంటనే యంత్రము ఆ చదువును త్రోసివేసి మరల చదువును. ఒక్క యంకె తప్పినచో ఈ కాపలాదారు తప్పక పట్టుకొనును. అయినను సర్వజ్ఞుడు కాడు: 1, 6 వంటి, అయిదు భేదముగల రెండంకెలు ప్రక్కప్రక్కన నుండి తారుమారైనచో వానికి తెలియదు. విద్యార్థులు లెక్కించి చూడవచ్చును.

ఇపుడు మన అంగడికి మరల వత్తము. ఆ సాయంకాలము మేము బాలుని వెంటబెట్టుకొని పోయి యజమానిని కలిసికొంటిమి. ఆయన మర్యాదస్థుడు. పుస్తకమును చూచెను, పట్టికను చూచెను, ఒక నిమిష మాలోచించి అసలు సంగతి చెప్పెను. క్రొత్తగా వచ్చిన పుస్తకముల ధర 52 రూపాయలు. పాత పుస్తకముల ధర 45. రెండింటిపైనను గీతలసంఖ్య ఒక్కటే! క్రొత్త సరకు రాగానే గుమాస్తా పట్టికలో ధర మార్చెను; పాతసరకు ఇంకను అరలలోనే యుండెను. యంత్రము సంఖ్యను తప్పులేక చదివినది. పట్టికలో నున్న ధరను తప్పులేక చీటికెక్కించినది. పాతదేదో క్రొత్తదేదో దానికి తెలియదు. తెలిసినవాడు ఒక్కడే: పుస్తకము వెనుక అచ్చును చదివిన బాలుడు. యజమాని అయిదు పుస్తకములకు హెచ్చుగా తీసికొనిన 35 రూపాయలను తిరిగి యిచ్చెను. ఆఱవ పుస్తకమును పాతధరకే యిచ్చెను. గుమాస్తాను పిలిచి ఆ యరలను సరిచూడుమనెను.

ఇందులో మోసములేదు, పొరపాటున్నది. కాని "మిషను తప్పు చదవదు" అను మాట ఆ పొరపాటునకు తలుపు మూసి గడియ వేసినది. మా యాక్షేపణ యంత్రముపైన కాదు, ఆ మాటపైన. పొట్లముపై అచ్చుపడిన గరిష్ఠ చిల్లర ధరకు మించి అమ్మరాదని 2011వ సంవత్సరపు తూనికలు కొలతల నియమములలోనే కలదు. కావున అచ్చుధరకును చీటిధరకును భేదమున్నప్పుడు అడుగుట కొంటెతనము కాదు, హక్కు. అంగడిలో న్యాయము దొరకకున్నచో 1915 అను జాతీయ వినియోగదారుల సహాయసంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. నాడు వరుసలో నిలిచి నవ్వినవారిలో ఎందఱు తమ చీటిని చదివికొనిరో మేమెఱుగము. వారిలో ఒక్కరైనను "ఆ బాలు డేమనుచున్నాడో చూడుడు" అని పలికియుండినచో బాగుండెడిది.

అర్థమును తప్పుగా చదువుటకు ఇంకొక యుదాహరణము. 890తో మొదలగు సరకు భారతదేశమున తయారైనదని పలువురు నమ్ముచున్నారు. ఈ మాట పెద్దలనోటనే విన్నాము. అది సరికాదు. 890 అనునది జీఎస్1 అను అంతర్జాతీయ సంస్థయొక్క భారతశాఖ యిచ్చిన సంఖ్యలకు తలపుము. ఈ శాఖ 1996వ సంవత్సరమున స్థాపింపబడినది. సంఖ్య తీసికొనిన సంస్థ ఈ శాఖలో పేరు నమోదు చేసికొన్నదని మాత్రమే 890 తెలుపును. సరకు ఎచ్చట తయారైనదో తెలియవలెనన్న పొట్లముపై అక్షరములలో వ్రాసినదానినే చదువవలెను.

మూడవ యుదాహరణము సొమ్మునకు సంబంధించినది. తల్లిదండ్రులు శ్రద్ధగా వినవలెనని ప్రార్థన. 2016వ సంవత్సరమున యూపీఐ పద్ధతి యారంభమైనది మొదలు, మన సంతలలో కూరగాయల గంపయొద్దను, చేపల బల్లయొద్దను క్యూఆర్ అట్ట నిలిచినది. చిల్లరకై తడవుకొను బాధ తప్పినది; ఇది మేలే. అయితే అంగడివాని గుర్తుపైన తమ గుర్తును అంటించిపోవు దుష్టులు దేశమున పలుచోట్ల బయలుదేఱిరి. అపుడు కెమెరా తప్పు చదువునా? చదువదు, దొంగగుర్తును సరిగానే చదువును! సొమ్ము పోవుటకు ముందు టెలిఫోనుపై కనబడు పేరును మనుష్యుడు చదువవలెను. ఎదుట నున్న అమ్మ పేరదియో కాదో అడుగవలెను. మఱియు నొకమాట: సొమ్ము పుచ్చుకొనుటకు ఏ గుర్తును చదివింప నక్కఱలేదు, రహస్యసంఖ్యను నొక్క నక్కఱలేదు. అట్లు చేయుమని కోరువాడు ఇచ్చువాడు కాడు, తీసికొనువాడు.

ఇట్లు చెప్పుచుండగా, మేము గీతలగుర్తునకు విరోధులమని ఎవరైన తలపవచ్చును. కాము. పదవతరగతి పబ్లిక్ పరీక్షలలో జవాబుపుస్తకముతో గూడ ఇచ్చు ఓ.ఎం.ఆర్. పత్రముపై బార్ కోడుండుట మన విద్యార్థు లెఱుగుదురు. పేరుగల భాగమును వేఱుచేసి, గీతలగుర్తును మాత్రము జవాబులతో పంపుట యీ పద్ధతిలోని సారము. దిద్దువారికి ఆ పుస్తకము ఏ యూరి బిడ్డదో, ఏ బడి బిడ్డదో తెలియదు, ఇంటిపేరు తెలియదు, ఇంటిపేరునుబట్టి కులమును ఊహించుటకు దారిలేదు. మందస గిరిజనగూడెమునుండి వచ్చిన బాలికయు, పట్టణపు పెద్దయింటి బాలుడును అచట రెండు గీతల కట్టలు మాత్రమే. మనలను ఎఱుగని గుర్తు ఇట్టిచోట మనలను కాపాడుచున్నది. ఇంత కాలము బడిలో పనిచేసిన మేము, పేరు చూడగానే మార్పు చెందు మొగములను చూచియున్నాము. కావున ఈ మేలును తక్కువగా ఎంచజాలము. అందువలననే ఆ గీతలపై గాని ప్రక్కనున్న ఖాళీలో గాని వ్రాయకుడనియు, మడత పెట్టకుడనియు, పత్రము చేతికి రాగానే అందలి వివరములు తమవియో కావో చూచుకొనుడనియు విద్యార్థులకు మరల మరల చెప్పుచున్నాము. ఇచటను చదువు రెండు పాళ్లు: గీతలను యంత్రము చదువును, ఆ గీతలు తనవని విద్యార్థి చదువవలెను.

"ఇవన్నియు ఇంజనీర్ల సంగతులు; బడిపిల్లలకేల?" అని మా మిత్రులొకరు ప్రశ్నించిరి. కాలము చాలదని వారి వాదము. అందు కొంత నిజమున్నది, పాఠ్యక్రమము నిండుకుండవలె నున్నది. అయినను క్రొత్త పాఠము కావలెనని మేము కోరుట లేదు. వెలుగు ప్రతిఫలించుటను భౌతికశాస్త్రములో చెప్పుచునే యున్నాము; నిష్పత్తిని గణితములో చెప్పుచునే యున్నాము; గురులఘువులను తెలుగులో చెప్పుచునే యున్నాము. ఈ మూటిని ఒక సబ్బు పొట్లము ముందుంచి చెప్పుడని మాత్రమే మా మనవి. భూతద్దముతో గీతలను చూచి ఒక యంకెను చేతితో చదివిన పిల్లవానికి, యంత్రమనిన భయమును ఉండదు, మూఢభక్తియు నుండదు. గణితపు గంటలో ఒక్కొక్కరు ఇంటినుండి తెచ్చిన ఖాళీ పొట్లముపై చివరియంకెను లెక్కగట్టి సరిచూచిరేని, అరగంటలో ముగియును, జన్మాంతము జ్ఞాపకముండును.

శ్రీముఖలింగపు గుడిగోడలపై శాసనములు కలవు. మన జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా నుండియే పాతలిపులను పట్టుదలతో నేర్చి వానిని చదివిరి. లిపిని గుర్తుపట్టుట వారికి మొదటి మెట్టు మాత్రమే. ఎవరు వ్రాయించిరి, ఎందులకు వ్రాయించిరి అని వెదకుట అసలు చదువు. లేసరు మొదటి మెట్టును మనకంటె వేగముగా నెక్కును. రెండవ మెట్టు దానికి లేదు. అది మనది. ఎక్కుటయు మానుటయు మన చేతిలో నున్నది.

తల్లిదండ్రులకు మా మనవి: పిల్లవాడు చీటిని చదివి ప్రశ్న వేసినప్పుడు వానిని కసరకుడు, ముందు చీటిని చూడుడు. అంగళ్లలో పనిచేయు మా పూర్వవిద్యార్థులకు మా మనవి: "మిషను చెప్పినది" అనుటకు బదులు "చూచెదము" అను మాటను అలవాటు చేసికొనుడు, ఆ యొక్క మాటకు ఖర్చులేదు. ఉపాధ్యాయులకు మా మనవి పైననే విన్నవించితిమి.

ఆ బాలుడు ఆఱవ నోటుపుస్తకమును గణితమునకు వాడుచున్నాడు. దాని వెనుక అట్టపై, అచ్చుపడిన సంఖ్య క్రింద, పెన్సిలుతో కూడిక వేసి చివరియంకెను సరిచూచుకొని "సరియే" అని వ్రాసికొనెను. దానిప్రక్కన 45 రూపాయలను అంకెచుట్టు సున్న చుట్టెను. మేము పుస్తకములు దిద్దునప్పుడు దానిని చూచి, దానిక్రింద మా సంతకము చేసితిమి.